పాశమైలారం వార్తల్లో కనిపించని పని: డెస్క్ నుంచి ఒక కేస్ స్టడీ

2025 జూన్ 30, సోమవారం ఉదయం 9 గంటలు దాటిన కొద్దిసేపటికి సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ ఇండస్ట్రీస్ ప్లాంట్‌లో పేలుడు జరిగింది. మూడంతస్తుల భవనం కూలింది. రోజులు గడిచేకొద్దీ మృతుల సంఖ్య పెరిగింది. 46 మంది మృతదేహాలను గుర్తించగలిగారు. మరో ఎనిమిది మంది ఆనవాళ్లు దొరకలేదు. వాళ్లను కూడా కలిపితే 54 మంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఒక ఫ్యాక్టరీలో ఒకేసారి ఇంతమంది చనిపోవడం ఎప్పుడూ లేదు.

నేను చాలాకాలం తెలుగు దినపత్రికల డెస్కుల్లో, అంటే విలేకరులు పంపిన వార్తలు దిద్ది పేజీలో పెట్టే చోట, పనిచేశాను. ఇప్పుడు జిల్లా విలేకరులకు, కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లకు శిక్షణ ఇస్తున్నాను. పని గురించి, కార్మికుల గురించి మన మీడియా ఎలా చెబుతోందో నేర్పడానికి ఈ కేసును తీసుకున్నాను. ఆ వారం పది రోజుల పత్రికలు, టీవీ క్లిప్పులు, యూట్యూబ్ వీడియోలు ముందు పెట్టుకుని శిక్షణలో ఉన్నవాళ్లను ఒకే ప్రశ్న అడిగాను. ఇవన్నీ చదివి, చూసిన మనిషికి ఆ 54 మంది ఆ ఉదయం లోపల ఏం పని చేస్తున్నారో తెలుస్తుందా?

తెలియదు. వాళ్లు ఎలా చనిపోయారో తెలుస్తుంది. ఏ రాష్ట్రం నుంచి వచ్చారో, ఎవరు పరామర్శించారో, ఎంత ప్రకటించారో తెలుస్తుంది. పని మాత్రం ఎక్కడా ఉండదు. పని కనిపించకపోతే ప్రమాదానికి కారణం కూడా కనిపించదని, బాధ్యత ఎవరిదో పాఠకుడికి అందదని చూపించడమే ఈ కేస్ స్టడీ ఉద్దేశం.

మొదటి గంటలో వచ్చిన రియాక్టర్

బ్రేకింగ్ పడిన క్షణం నుంచి దాదాపు అన్ని స్క్రీన్ల మీదా ఒకటే మాట: రియాక్టర్ (రసాయన చర్య జరిపించే మూసిన పాత్ర) పేలింది. మర్నాటి పత్రికల్లోనూ చాలాచోట్ల అదే వచ్చింది. రెండు రోజుల తర్వాత కంపెనీ స్టాక్ ఎక్స్‌చేంజీలకు పంపిన సమాచారంలో ఈ ప్రమాదం రియాక్టర్ పేలుడు వల్ల జరిగింది కాదని స్పష్టం చేసింది. అప్పటికే అధికారుల మాటల్లోనూ, నిపుణుల మాటల్లోనూ స్ప్రే డ్రయ్యర్, అంటే ద్రవాన్ని వేడి గాలితో ఆరబెట్టి పొడి చేసే యంత్రం, ఉన్న విభాగం పేరు వినిపిస్తోంది.

ఈ రియాక్టర్ ఎక్కడి నుంచి వచ్చింది? మన అలవాటు నుంచి. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం, ఎక్కడ పేలుడు జరిగినా ముందు చేతికొచ్చే మాట అదే. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా ప్లాంట్‌లో 17 మంది చనిపోయినప్పుడు కూడా మొదట రియాక్టర్ అనే రాశారు. ఎంటీబీఈ అనే ద్రావణి లీకై, దాని ఆవిరి అంటుకుని పేలిందని తర్వాత తేలింది. అంటే పది నెలల ముందే ఇలాంటి తప్పు ఒకసారి జరిగింది. దాన్ని ఏ డెస్కూ రాసి పెట్టుకోలేదు.

శిక్షణలో ఒక సబ్‌ఎడిటర్ అడిగాడు, "సార్, రియాక్టరైతేనేం, డ్రయ్యరైతేనేం? మనుషులు చనిపోయారు కదా." మంచి ప్రశ్న, దాని మీదే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. రియాక్టర్ అని రాస్తే తర్వాతి ప్రశ్నలు ఉష్ణోగ్రత మీదికి, ప్రెషర్ మీదికి, ఆ సమయంలో దగ్గరున్న ఆపరేటర్ మీదికి పోతాయి. "ఆపరేటర్ నిర్లక్ష్యమా?" అనే స్క్రోలింగ్ దానంతట అదే వచ్చేస్తుంది. అదే పొడిని ఆరబెట్టే డ్రయ్యర్ అని రాస్తే ప్రశ్నలు వేరే దారి పడతాయి. పొడి ఎక్కడెక్కడ పేరుకుంటోంది? గాలి గొట్టాలను ఎప్పుడు శుభ్రం చేశారు? యంత్రం వయసెంత? శుభ్రం చేయడానికి మెషీన్ ఆపాలని ఎవరు నిర్ణయిస్తారు? ఆ నిర్ణయం హెల్పర్ చేతిలో ఉండదు. యంత్రం పేరు తప్పు రాస్తే వేలు తప్పు మనిషి వైపు చూపుతుంది.

ఆ పొడి ఏమిటి, ఆ పని ఏమిటి

ఆ ప్లాంట్‌లో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్క గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. మనం వేసుకునే మాత్రల్లో మందుతో పాటు ఇదీ ఉంటుంది. మాత్ర విడిపోకుండా గట్టిగా ఉండటానికి దీన్ని కలుపుతారు. గుజ్జును ఆమ్లంతో చర్య జరిపించి, కడిగి, నీళ్లలో కలిపి చిక్కటి ద్రవంలా చేస్తారు. దాన్ని ఎత్తయిన డ్రయ్యర్ లోపలికి సన్నటి తుంపరలుగా కొడతారు. వేడి గాలి తగిలి నీరు ఆవిరైపోయి పొడి కిందికి దిగుతుంది. పాలపొడి తయారయ్యేదీ ఇలాంటి యంత్రాల్లోనే.

సెల్యులోజ్ అంటే కాగితంలో, దూదిలో ఉండే పదార్థమే. ముద్దగా ఉంటే నెమ్మదిగా కాలుతుంది. మెత్తటి పొడిగా గాలిలో లేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు, క్షణంలో మొత్తం అంటుకుంటుంది. మూసి ఉన్న చోట అది పేలుడవుతుంది. పిండిమరలో గాలిలో తేలే పిండి ఎంత సన్నగా ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ పొడి సంగతి వెంటనే అర్థమవుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. అది భవనాన్ని కుదిపి, దూలాల మీద, కేబుల్ ట్రేల మీద, పైకప్పు ఇనుప చట్రాల మీద పేరుకున్న పొడిని గాలిలోకి లేపుతుంది. రెండోసారి పేలేది ఆ పొడే. భవనాన్ని కూల్చేది ఎక్కువగా ఈ రెండో పేలుడు.

2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీలో ఇలాగే జరిగి 14 మంది చనిపోయారు. అక్కడ పేలింది పంచదార పొడి. అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తు చేసి, ఏళ్ల తరబడి పేరుకున్న పొడి గురించి వివరంగా నివేదిక ఇచ్చింది. మన ఫ్యాక్టరీల చట్టానికి కూడా ఇది కొత్త సంగతి కాదు. ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1948 నాటి ఆ చట్టంలో 37వ సెక్షన్ పేలే స్వభావం ఉన్న పొడి గురించే చెప్పింది. యంత్రాన్ని మూసి ఉంచాలి, పొడి పేరుకోకుండా తీసేయాలి, నిప్పు పుట్టే అవకాశం లేకుండా చూడాలి. ఈ మూడూ అందులో ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి ప్లాంట్‌లో ఊడ్చే పని ప్రాణాలు కాపాడే పని. చీపురు పట్టినవాడు, వాక్యూమ్ గొట్టం పట్టినవాడు, దూలాలెక్కి పొడి దులిపేవాడు చేసేది సేఫ్టీ ఆఫీసర్ చేసేంత ముఖ్యమైన పని. ఈ పని చేసేవాళ్లకు సాధారణంగా ఆ ప్లాంట్‌లో అందరికన్నా తక్కువ జీతం ఉంటుంది. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, వాళ్ల పేరు కాంట్రాక్టర్ కింద ఉంటుంది. పొడి ఫ్యాక్టరీలో స్వీపర్ ఏం చేస్తాడో వివరించే వార్త నేను తెలుగులో చదవలేదు.

ఇస్నాపూర్‌లో ఉండే ఒక పెద్దాయన ఇలాంటి పొడి తయారుచేసే వేరే కంపెనీలో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన్ని శిక్షణకు పిలిచి మాట్లాడించాను. "దులుపుడు అంటే ఊకె గాదు సార్, మిషన్ ఆపాలె. ఆపితే ప్రొడక్షన్ పోతది. ప్రొడక్షన్ పోతె సూపర్‌వైజర్‌ను పైనోళ్లు అడుగుతరు. అందుకే ఆదివారం జూస్కుందాం అంటరు. ఆదివారం వస్తె ఆర్డర్ ఉంది నడుపుమంటరు" అన్నారు. ఎవరూ అడ్డు చెప్పకుండా విన్నారు. ఒక ఫ్యాక్టరీలో ప్రమాదం ఎలా తయారవుతుందో ఆయన నాలుగు మాటల్లో చెప్పారు. ఇలా చెప్పగలిగే మనుషులు పటాన్‌చెరు చుట్టూ వేలమంది ఉన్నారు. వాళ్ల దగ్గరికి మనం ప్రమాదం జరిగిన రోజే వెళ్తాం. అప్పుడు కూడా వాళ్లను అడిగేది "శబ్దం ఎలా వచ్చింది?" అని.

సిగాచీలో సరిగ్గా ఏం జరిగిందో తేల్చాల్సింది దర్యాప్తు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ విశ్రాంత శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. పై వివరణ ఆ ప్లాంట్ మీద నా తీర్పు కాదు. ఆ వారమంతా ఏ పాఠకుడికైనా ఈ మాత్రం నేపథ్యం ఇవ్వగలిగేవాళ్లమని చెప్పడమే నా ఉద్దేశం. ఇందులో రహస్యం ఏదీ లేదు. కెమిస్ట్రీ చదివిన ఎవరిని అడిగినా అరగంటలో చెబుతారు.

ఒకే సంఘటన, మూడు పేజీలు

ఆ వారం పత్రికలను పేజీల వారీగా విడదీసి టేబుల్ మీద పరిస్తే ఒక విషయం బయటపడింది. మెయిన్ పేజీలో సంఖ్య ఉంది: ఎంతమంది చనిపోయారు, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగింది. జిల్లా పేజీల్లో నాయకులున్నారు: ముఖ్యమంత్రి వచ్చారు, మంత్రులు వచ్చారు, ప్రతిపక్షం వచ్చింది, ఎవరేమన్నారు. బిజినెస్ పేజీలో షేరు ఉంది: సిగాచీ లిస్టెడ్ కంపెనీ, ప్రమాదం రోజే షేరు ధర బాగా పడింది. ప్లాంట్‌లో ఉత్పత్తి 90 రోజులు ఆగుతుందన్న కంపెనీ ప్రకటన కూడా అక్కడే వచ్చింది.

మదుపుదారుకు ఏం కావాలో బిజినెస్ పేజీకి తెలుసు. ఉత్పత్తి ఎన్నాళ్లు ఆగుతుంది, బీమా ఉందా, మిగతా ప్లాంట్లు నడుస్తున్నాయా అన్నవి చక్కగా రాశారు. కార్మికుడి కుటుంబానికి ఏం కావాలో అంత స్పష్టంగా తెలిసిన పేజీ పత్రికలో లేదు. ఒకప్పుడు పెద్ద పత్రికల్లో లేబర్ బీట్ ఉండేది. యూనియన్ ఆఫీసులకు, కార్మిక శాఖకు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరేట్‌కు రోజూ తిరిగే విలేకరి ఒకరుండేవారు. ఇప్పుడు పరిశ్రమలంటే బిజినెస్ డెస్క్ వార్త, ప్రమాదమంటే క్రైమ్ విలేకరి వార్త. ప్రమాదం వార్త క్రైమ్ విలేకరి చేతికి వస్తే ఎఫ్‌ఐఆర్ కోణం బలంగా ఉంటుంది. అది అవసరమే. ఈ కేసులో పాత యంత్రాల గురించి ముందే చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదన్న ఆరోపణ ఫిర్యాదులోకి ఎక్కింది కాబట్టే వార్తల్లోకి వచ్చింది. అంతకు ముందు నెలలో అదే మాట ఒక కార్మికుడు విలేకరితో చెప్పి ఉంటే అది వార్తయ్యేదా?

లోపల ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న కూడా చూడాలి. మొదటి రోజు రకరకాల అంకెలు వచ్చాయి. తర్వాత ఆ సమయంలో 143 మంది ఉన్నారని లెక్క తేలింది. అంకె మారినప్పుడల్లా మనం "మృతుల సంఖ్యపై గందరగోళం" అని శీర్షిక పెట్టాం. ఆ గందరగోళం ఎందుకొచ్చిందో అడిగింది తక్కువ. పర్మనెంట్ ఉద్యోగుల హాజరు ఒకచోట, కాంట్రాక్ట్ కార్మికుల హాజరు ఇంకొకచోట ఉండే పద్ధతి మన పారిశ్రామికవాడల్లో మామూలు. ఒక ఫ్యాక్టరీలో ఆ ఉదయం ఎవరెవరు లోపల ఉన్నారో గంటలో చెప్పలేకపోతే, అదే ఆ రోజు అతి పెద్ద వార్త.

కోటి రూపాయల శీర్షిక

జులై 1న ముఖ్యమంత్రి ఘటనా స్థలానికి వచ్చి, మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు అందేలా చూస్తామన్నారు. మర్నాడు కంపెనీ కూడా కోటి ప్రకటించింది. ప్రధాని సహాయనిధి నుంచి 2 లక్షలు ప్రకటించారు. అచ్యుతాపురంలోనూ కోటి. అంతకు ముందు 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడూ కోటి. పెద్ద ప్రమాదం జరిగితే కోటి అన్నది తెలుగు రాష్ట్రాల్లో ఒక ఆనవాయితీ అయింది.

ఆ డబ్బు కుటుంబాలకు అవసరం. దాని గురించి రాయడం తప్పు కాదు. దాని గురించి మాత్రమే రాయడం వల్ల ఒక నష్టం ఉంది. ప్రకటన అనేది ఇచ్చేవాళ్ల దయలా కనిపిస్తుంది. చట్టం ప్రకారం కుటుంబానికి హక్కుగా రావాల్సింది వేరే ఉంది. దాన్ని ఎవరూ ప్రకటించరు కాబట్టి అది శీర్షిక కాదు.

ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం లెక్క ఇలా ఉంటుంది. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. జీతాన్ని 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. 30 ఏళ్ల మనిషికి గుణకం 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. ఆ మనిషికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంటే ఈ చట్టం వర్తించదు. దాని బదులు ఈఎస్‌ఐ నుంచి కుటుంబానికి నెలనెలా డబ్బు వస్తుంది. రోజు సగటు జీతంలో 90 శాతం చొప్పున లెక్కగట్టి భార్యకు, పిల్లలకు వాటాలుగా ఇస్తారు. కాంట్రాక్ట్ కార్మికుడైనా ఈ హక్కు పోదు. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమాని కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. ఇది రెండు చట్టాల్లోనూ ఉంది. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి ఆ తర్వాత జరిగే ప్రమాదాలకు సామాజిక భద్రత కోడ్ చూడాలి.

ఈ ఒక్క పేరా చిన్న బాక్స్ ఐటమ్‌గా వేసి ఉంటే చాలు. ఒడిశాకో బిహార్‌కో మృతదేహంతో తిరిగి వెళ్తున్న కుటుంబానికి తోడుగా ఉన్న ఎవరో ఒకరు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకునేవారు. చిన్న ప్రమాదాలకు ఇది ఇంకా అవసరం. ఒక్కరే చనిపోయిన చోటుకు ముఖ్యమంత్రి రారు, కోటి ప్రకటన ఉండదు. లోపలి పేజీలో సింగిల్ కాలమ్ వార్తతో ముగుస్తుంది. ఆ కుటుంబానికి మిగిలేది చట్టం ఒక్కటే. ఆ చట్టం పేరు కూడా మనం చెప్పం.

ఆచూకీ దొరకని ఎనిమిది మంది కుటుంబాల సంగతి మరీ కష్టం. మూడు నెలల తర్వాత రమ్మని అధికారులు చెప్పారని అప్పట్లో వార్తలొచ్చాయి. కనిపించకుండా పోయిన మనిషిని చనిపోయినట్టు భావించడానికి మామూలుగా చట్టంలో ఏడేళ్ల గడువు ఉంది. ప్రమాదాల్లో ప్రభుత్వం ప్రత్యేకంగా నిర్ణయం తీసుకుంటే తప్ప మరణ ధ్రువపత్రం రాదు. అది రాకపోతే పీఎఫ్, బీమా, బ్యాంకు ఖాతా ఏదీ కదలదు. ఆ కుటుంబాల గురించి రాసిన వార్తల్లో కన్నీళ్లు ఉన్నాయి. కాగితం సంగతి ఉన్నవి కొన్నే.

ఏడుపు షాట్, రాష్ట్రం పేరు

టీవీ కవరేజీలో ఎక్కువసార్లు తిరిగిన దృశ్యాలు రెండు: పైనుంచి డ్రోన్‌తో తీసిన శిథిలాలు, పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రి దగ్గర డీఎన్‌ఏ పరీక్షల కోసం ఎదురుచూస్తూ ఏడుస్తున్న ఆడవాళ్లు. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు మృతుల లిస్టులో ఉన్నారు. మన వార్తల్లో వాళ్లకు మిగిలిన గుర్తింపు రాష్ట్రం పేరు. ఆపరేటరా, ఫిట్టరా, ప్యాకింగ్ చేసేవాడా, ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయా అన్నది రాలేదు. ఒక డాక్టర్ చనిపోతే ఏ విభాగం డాక్టరో రాస్తాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయితే ఏ కంపెనీలో ఏ హోదాలో ఉన్నాడో రాస్తాం. కార్మికుడి విషయంలో ఆ ప్రశ్నే పుట్టదు. అతనికి నైపుణ్యం ఉందని, కొన్నేళ్లు పట్టి ఆ పని నేర్చుకున్నాడని మన రాతల్లో ఎక్కడా తోచదు.

బాగా రాసినవాళ్లూ ఉన్నారు, వాళ్లను చెప్పకపోతే అన్యాయం. గేటు దగ్గర రోజుల తరబడి నిలబడి కుటుంబాలతో హిందీలో మాట్లాడి, జీతం ఎంత, ఎవరు తీసుకొచ్చారు, ఎన్ని గంటల డ్యూటీ అని అడిగి రాసిన స్థానిక విలేకరుల వార్తలు కొన్ని చూశాను. అవి జిల్లా ఎడిషన్ దాటి రాలేదు. హైదరాబాద్ పాఠకుడికి వార్తా ఏజెన్సీ పంపిన కాపీయే చేరింది.

యూట్యూబ్ తంబ్‌నెయిళ్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. మంటల బొమ్మ, ఎర్రటి బాణం, "లైవ్ విజువల్స్". అక్కడా ఇక్కడా తీసిన పాత పేలుళ్ల వీడియోలను కలిపి నడిపేవాళ్లను ఆపే మార్గం శిక్షణ తరగతిలో లేదు.

రాసేవాళ్ల పని పరిస్థితి

జిల్లా విలేకరుల్లో చాలామంది కంట్రిబ్యూటర్లు, అంటే నెల జీతం లేకుండా వార్తలు పంపేవాళ్లు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, వచ్చే డబ్బు పెట్రోల్‌కు సరిపోతే గొప్ప. చాలాచోట్ల యాడ్ టార్గెట్ కూడా వాళ్ల నెత్తినే ఉంటుంది. ఆగస్టు 15కి, జనవరి 26కి శుభాకాంక్షల ప్రకటనలు ఇచ్చేది ఆ మండలంలోని కంపెనీలే. జులైలో కంపెనీ మీద రాసిన మనిషి ఆగస్టులో అదే గేటు దగ్గర ప్రకటన అడగాలి. ఈ మాట తరగతిలో ఒకరు చెప్పగానే మిగతావాళ్లంతా తలూపారు. పత్రికా ఉద్యోగుల జీతాలపై మజీఠియా వేజ్ బోర్డు చేసిన సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. మండల కంట్రిబ్యూటర్ జీవితంలో దానివల్ల ఏ మార్పూ రాలేదు. నియామక పత్రం లేని మనిషి, నియామక పత్రం లేని ఇంకో మనిషి గురించి రాయాలి. ఆ పరిస్థితిని లెక్కలోకి తీసుకోకుండా వాళ్లకు ఆదర్శాలు బోధించడం నాకు ఇష్టం లేదు. అందుకే శిక్షణను డెస్క్ నుంచి మొదలుపెట్టాను. జీతం, ఉద్యోగ భద్రత కాస్త మెరుగ్గా ఉన్నది అక్కడే.

మేం చేసి చూసింది

ముందుగా ఒక అభ్యాసం. ఆ వారం సర్వసాధారణంగా కనిపించిన ఇంట్రో (వార్త మొదటి పేరా) ధోరణి ఇది: "పాశమైలారంలో ఘోరం జరిగింది. భారీ శబ్దంతో రియాక్టర్ పేలడంతో కార్మికులు దూరంగా ఎగిరిపడ్డారు. పలువురు సజీవదహనమయ్యారు. ఆ ప్రాంతమంతా ఆర్తనాదాలు మిన్నంటాయి." దీన్ని అప్పటికి తెలిసిన నిజాలతో, పని కనిపించేలా తిరగరాయమన్నాను. చర్చల తర్వాత అందరం కలిసి ఒప్పుకున్నది ఇలా వచ్చింది: "మాత్రల తయారీలో వాడే సెల్యులోజ్ పొడిని ఆరబెట్టే సిగాచీ ప్లాంట్‌లో సోమవారం ఉదయం డ్యూటీలో ఉన్నవాళ్లు 143 మంది. పేలుడు తర్వాత వారిలో చాలామంది ఆచూకీ తెలియలేదు. పేలుడు స్ప్రే డ్రయ్యర్ విభాగంలో జరిగిందా అన్నది పరిశీలిస్తున్నారు. గాలిలో లేచిన పొడి అంటుకుంటే పేలుతుంది. అది పేరుకోకుండా చూడాల్సిన బాధ్యత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం యాజమాన్యానిది."

ఒకరు, "సార్, ఇందులో ఎమోషన్ లేదు" అన్నారు. ఇంకొకామె వెంటనే, "నాకైతే ఇది చదివితేనే ఎక్కువ కోపం వచ్చింది" అంది. నేను ఆమెతో ఏకీభవిస్తాను. ఆర్తనాదాలు మిన్నంటాయని చదివిన పాఠకుడు అయ్యో అని పేజీ తిప్పుతాడు. చీపురు, పొడి, చట్టం అన్నీ ఒకేచోట చదివినవాడు ఎవరిని అడగాలో తెలుసుకుంటాడు.

రెండోది, ఒక డెస్క్‌లో పారిశ్రామిక ప్రమాదం వార్త వస్తే నింపాల్సిన పత్రం ఒకటి తయారుచేశాం. ఏ యంత్రం దగ్గర జరిగింది, ఆ యంత్రంలోకి ఏం వెళ్లి ఏం బయటకు వస్తుంది, దెబ్బతిన్న మనిషి చేసే పని ఏమిటి, ఎన్నో గంట డ్యూటీలో ఉన్నాడు, పర్మనెంటా కాంట్రాక్టా, కాంట్రాక్టర్ ఎవరు, ఈఎస్‌ఐ నంబరు ఉందా, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆ ప్లాంట్‌ను చివరిసారి ఎప్పుడు చూశారు. యంత్రం పేరు ఇద్దరు చెప్పేదాకా "పేలుడు" అని మాత్రమే రాయాలని, ఏ యంత్రం పేరూ వాడకూడదని నియమం పెట్టాం. మొదట్లో విసుక్కున్నారు. బ్రేకింగ్ ఆలస్యమవుతుందన్నారు. ఆలస్యం కాలేదు. "పేలుడు" అని టైప్ చేయడానికి "రియాక్టర్ పేలుడు" కన్నా తక్కువ సమయం పడుతుంది.

కొన్ని నెలలకు ఒక మండలం నుంచి చిన్న వార్త వచ్చింది. ఒక దాణా ఫ్యాక్టరీలో హెల్పర్ చెయ్యి కన్వేయర్‌లో పడి తెగిపోయింది. మామూలుగా అయితే నాలుగు లైన్లు. ఈసారి కంట్రిబ్యూటర్ పత్రం నింపి పంపాడు. ఆ మనిషి రెండు షిఫ్టులు వరుసగా చేస్తున్నాడని, కన్వేయర్‌కు గార్డ్ (చెయ్యి పడకుండా అడ్డుగా ఉండే కవచం) లేదని, ఈఎస్‌ఐ కార్డు ఇవ్వలేదని అందులో ఉంది. డెస్క్ దాన్ని అరపేజీకి పెంచింది. తర్వాతి రోజు ఫాలో అప్ ప్లాన్ చేశాం. ఆ రాత్రి ప్రకటనల విభాగం నుంచి ఫోన్ వచ్చింది, ఫాలో అప్ ఆగిపోయింది. ఏ పత్రిక, ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయను. మొదటి రోజు వార్త మాత్రం అచ్చయింది. ఆ క్లిప్పింగ్ పట్టుకుని ఆ కుటుంబం కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లిందని కంట్రిబ్యూటర్ చెప్పాడు. కేసు నమోదైంది.

పత్రంలో ఎక్కువసార్లు ఖాళీగా వచ్చే గడి కాంట్రాక్టర్ పేరుది. కార్మికులకు కాంట్రాక్టర్ తెలుసు. భయం వల్ల చెప్పరు, లేదా వాళ్లకు తెలిసింది ఊరి నుంచి తీసుకొచ్చిన మేస్త్రీ పేరే. అందుకే కొత్త బ్యాచ్‌కు ఆ పేరు కాగితాల నుంచి తీయడం నేర్పుతున్నాం. కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఇచ్చేది, ఆ కంపెనీ ఎవరెవరి ద్వారా కార్మికులను పెట్టుకుందో నమోదు చేసేది కార్మిక శాఖే. సమాచార హక్కు కింద ఆ రికార్డుల కాపీలు అడగొచ్చు, గడువు 30 రోజులు. ప్రమాదం జరిగాక అడిగితే ఆలస్యం. మండలంలోని పెద్ద ఫ్యాక్టరీలన్నింటికీ ముందే అడిగి ఫైలు పెట్టుకోవాలి. సంగారెడ్డి జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు ఇప్పటికే దరఖాస్తులు పెట్టారు. ఒకరికి జవాబు వచ్చింది. ఇంకొకరు మొదటి అప్పీలుకు వెళ్లారు.